మెరుపుల లెక్క, మబ్బుల నాడి

హైదరాబాద్‌లోని డాప్లర్ రాడార్‌కు నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం మీద, నేల నుంచి సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తు దాకా ఏం జరుగుతోందో కనిపించదు. ఇందులో యంత్రం తప్పేమీ లేదు, భూమి గుండ్రంగా ఉండటమే కారణం. రాడార్ కిరణం నేలకు అర డిగ్రీ వాలులో బయలుదేరుతుంది. గాలిలో సూటిగా గీత గీస్తే అక్కడి నుంచి రెంజల్ దాదాపు 150 కిలోమీటర్లు. అంత దూరం వచ్చేసరికి కింద భూమి వంగిపోతుంది, కిరణం పైకి తేలిపోతుంది. బోధన్ చెరకు చేల మీద గానీ, కందకుర్తి త్రివేణి సంగమం మీద గానీ ఎంత పెద్ద మబ్బు కమ్మినా రాడార్ తెర మీద పడేది దాని నడుము నుంచి పైభాగమే. టోర్నడో అనే నిలువు సుడిగాలి బిగుసుకునేదీ నేలను తాకేదీ ఆ కనిపించని కింది భాగంలోనే.

అదే మబ్బులో మెరిసే మెరుపుకు ఈ అడ్డు లేదు. పాత మీడియం వేవ్ రేడియో విన్నవాళ్లకు ఇది అనుభవమే. మబ్బు ఇంకా కనుచూపు మేరలో లేకపోయినా రేడియో గరగరమంటుంది. ప్రతి మెరుపూ ఒక రేడియో ప్రసారమే. అందులోని తక్కువ పౌనఃపున్యపు తరంగాలు నేలకూ, పైనున్న విద్యుదావేశపు పొర అయిన అయనావరణానికీ మధ్య ఎగిరిపడుతూ వందల కిలోమీటర్లు పోతాయి. ఒకే మెరుపు సంకేతం నాలుగైదు కేంద్రాలకు ఏ క్షణాన చేరిందో సెకనులో పది లక్షలో వంతు కచ్చితత్వంతో నమోదు చేస్తే, అది ఎక్కడ పుట్టిందో లెక్కగట్టవచ్చు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ దేశమంతటా 80కి పైగా ఇలాంటి సెన్సర్లను పెట్టింది. పిడుగు హెచ్చరికల కోసం ఫోన్లలో వాడే ‘దామిని’ యాప్ ఆ సమాచారం మీదే నడుస్తుంది.

మెరుపులను ఇలా లెక్కపెడితే ఆ మబ్బు సుడిగాలిని కంటుందో లేదో చెప్పగలమా? అమెరికాలో ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న వెంట పడ్డారు. దొరికిన జవాబు సగం అవును, సగం కాదు. మెరుపుల లెక్క మబ్బుకు నాడి చూడటం లాంటిది. జ్వరం పెరుగుతోందని నాడి చెబుతుంది, అది ఏ జ్వరమో చెప్పదు.

ముందు మబ్బుకు కరెంటు ఎక్కడిదో చూద్దాం. ఏప్రిల్ మధ్యాహ్నం నిజామాబాద్ జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నేలను అంటుకుని ఉన్న వేడిగాలిలో బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ కలిసి ఉంటుంది. వాతావరణ కేంద్రం బులెటిన్లలో తరచూ వినిపించే ‘విదర్భ నుంచి దక్షిణ కర్ణాటక వరకు ద్రోణి’ అన్న మాటకు అర్థం, వేర్వేరు దిక్కుల గాలులు ఆ గీత వెంబడి కలుస్తున్నాయని. కలిసిన గాలికి పైకి తప్ప దారి లేదు. సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. అయినా అక్కడ నీటి బిందువులు వెంటనే గడ్డకట్టవు. మైనస్ 10, మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా చాలా బిందువులు నీరుగానే తేలుతూ ఉంటాయి. కొన్ని మంచు పలుకులవుతాయి. ఆ పలుకులకు నీటి బిందువులు తగిలి అతుక్కుపోతూ పోతే గరుకైన, మెత్తటి మంచు గుళికలు తయారవుతాయి.

అసలు కథ ఈ గుళికలకూ పలుకులకూ జరిగే గుద్దులాటలో ఉంది. తాకి విడిపోయిన ప్రతిసారీ ఒకదాని నుంచి మరొకదానికి కాస్త విద్యుదావేశం మారుతుంది. జపాన్ శాస్త్రవేత్త తకహాషి ప్రయోగశాలలో ఈ గుద్దుళ్లను సృష్టించి, ఏది ఏ ఆవేశం పుచ్చుకుంటుందో 1978లో ప్రచురించాడు. అది చలి మీదా, అక్కడున్న నీటి మోతాదు మీదా ఆధారపడుతుందని తేలింది. మామూలుగా బరువైన గుళికకు రుణావేశం, తేలికైన పలుకుకు ధనావేశం అంటుతాయి. పైకెగసే గాలి పలుకులను మబ్బు నెత్తికి మోసుకుపోతుంది, గుళికలు మధ్యలో ఆగిపోతాయి. అలా ధన రుణ ఆవేశాలు కిలోమీటర్ల దూరం విడిపోతాయి. మధ్యనున్న గాలి ఆ ఒత్తిడిని ఇక ఆపలేనప్పుడు మెరుపు పుడుతుంది. మెరుపులన్నీ పిడుగులు కావు. ఎక్కువ భాగం మబ్బులోనే పుట్టి మబ్బులోనే ఆరిపోతాయి, నేలను తాకేవే పిడుగులు.

అంటే మెరుపులు పెరగాలంటే గుద్దుళ్లు పెరగాలి, గుద్దుళ్లు పెరగాలంటే పైకెగసే గాలి బలం పెరగాలి. మామూలు ఉరుముల మబ్బులో ఆ గాలి సెకనుకు పది, పదిహేను మీటర్ల వేగంతో లేస్తుంది. సూపర్‌సెల్ అనే మహా మబ్బులో 40, 50 మీటర్లు కూడా దాటుతుంది. గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి నిలువునా పోతోందన్నమాట. అక్కడ నిమిషానికి రెండు మూడు మెరుపులు కాదు, పదులు, వందలు. అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ విలియమ్స్, సహచరులు ఫ్లోరిడా ఉరుముల మబ్బులను పరిశీలించి 1999లో రాసిన పత్రంలో తీవ్రమైన మబ్బుల్లో నిమిషానికి 60కి మించిన మెరుపులు సాధారణమని చూపారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఆ పత్రంలో ఉంది. భారీ వడగండ్లు, విధ్వంసకరమైన గాలి, టోర్నడో నేలకు చేరడానికి ఐదు నుంచి ఇరవై నిమిషాల ముందు మెరుపుల సంఖ్య ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. దానికి ‘లైట్నింగ్ జంప్’ అని పేరు పడింది.

ఎగిసిపడటమంటే ఎంత? కంటికి తోచింది కాకుండా లెక్క కావాలి. షుల్ట్స్, పీటర్సన్, కేరీ అనే ముగ్గురు ఒక సూత్రం పెట్టారు. మబ్బులో మెరుపులు గత పది నిమిషాలుగా మామూలుగా ఎంత హెచ్చుతగ్గులతో ఉన్నాయో చూస్తారు. కొత్త పెరుగుదల ఆ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనానికి రెండింతలు మించితే అది జంప్. నిమిషానికి కనీసం పది మెరుపులైనా లేని చిన్న మబ్బులను పక్కన పెడతారు. 2011లో 711 మబ్బుల మీద పరీక్షిస్తే ఈ సూత్రం తీవ్ర వాతావరణాన్ని 79 శాతం సందర్భాల్లో ముందే పట్టింది, సగటున 20 నిమిషాల ముందు. ఇచ్చిన హెచ్చరికల్లో 36 శాతం ఉత్తుత్తివయ్యాయి. మబ్బులో మెరుపులను వదిలేసి నేల మీద పడిన పిడుగులనే లెక్కపెడితే ఫలితం బాగా పడిపోయింది.

ఎందుకు పడిపోయిందో తెలుసుకుంటే మన పొలాల్లోని మనిషికి నేరుగా పనికొస్తుంది. పైకెగసే గాలి ఉధృతంగా ఉన్నప్పుడు అది గుళికలను, వాటి ఆవేశాన్ని బాగా ఎత్తుకు మోసుకుపోతుంది. ఆవేశం నేలకు దూరమైపోవడంతో మెరుపులు పైన పైనే కొట్టుకుంటాయి. కింద పిడుగులు తగ్గుతాయి, కొన్నిసార్లు దాదాపు ఆగిపోతాయి. గాలి బలం సడలాక మంచు, వడగండ్లు, నీరు కిందికి జారతాయి, వాటితో పాటు ఆవేశమూ దిగుతుంది. పిడుగుల వాన అప్పుడు మొదలవుతుంది. 1981 మే 22న ఓక్లహోమాలోని బింగర్ దగ్గర వచ్చిన టోర్నడోను మెక్‌గోర్మన్ బృందం పరిశీలించినప్పుడు ఇదే కనిపించింది. సుడి తిరుగుతున్నప్పుడు మబ్బు లోపలి మెరుపులు శిఖరాన ఉన్నాయి, నేల పిడుగులు ఆ తర్వాతే పెరిగాయి. కాబట్టి మబ్బు లోపల ఆగకుండా వెలుగుతూ, పెద్దగా ఉరిమి మీద పడేది కనిపించకపోతే ‘పైపైనే పోతోంది’ అని కల్లంలో నిలబడటం పెద్ద పొరపాటు.

సుడికీ ఇదే గాలి ఆధారం. మబ్బులో మెల్లగా తిరుగుతున్న గాలి స్తంభాన్ని పైకెగసే గాలి నిలువునా సాగదీస్తే అది సన్నబడుతుంది, వేగం పెరుగుతుంది. మెరుపుకూ సుడికీ మధ్య నేరుగా చుట్టరికం లేదు. రెండింటినీ నడిపేది ఒకటే గాలి. అందుకే ఒకటి పెరిగినప్పుడు రెండోది పెరిగే అవకాశం ఉంటుంది, పెరిగి తీరాలని లేదు. జంప్ వచ్చి వడగండ్లతో సరిపెట్టుకున్న మబ్బులు ఎన్నో.

ఓక్లహోమాలో మెరుపులను మూడు కొలతల్లో పటం గీసే పరికరాలు వచ్చాక సూపర్‌సెల్ మధ్యలో ఒక విచిత్రం బయటపడింది. చుట్టూ వందల మెరుపులు, నడుమ ఐదారు కిలోమీటర్ల వెడల్పున ఒక ఖాళీ. పైకెగసే గాలి మరీ వేగంగా దూసుకుపోయే చోట నీటి బిందువులకు మంచు గుళికలుగా ఎదిగే సమయమే ఉండదు. గుళికలు లేవు కనుక గుద్దుళ్లు లేవు, గుద్దుళ్లు లేవు కనుక మెరుపూ లేదు. మబ్బులో అన్నిటికన్నా బలమైన గాలి ఉన్న చోటే చీకటిగా ఉంటుంది.

పిడుగు స్వభావం కూడా మారుతుంది. మామూలుగా నేలను తాకే పిడుగుల్లో పదింట తొమ్మిది రుణావేశాన్ని దించుతాయి. అమెరికా మైదానాల్లోని కొన్ని సూపర్‌సెల్‌లలో మాత్రం ధనావేశపు పిడుగులదే పైచేయి. 1990 ఆగస్టు 28న ఇల్లినాయ్‌లోని ప్లెయిన్‌ఫీల్డ్‌ను ధ్వంసం చేసి 29 మందిని బలిగొన్న టోర్నడో మబ్బు మొదట ధన పిడుగులనే కురిపించింది, టోర్నడో వేళకు రుణ పిడుగులకు మారింది. సీమన్ అనే పరిశోధకుడు 1993లో దీన్ని బయటపెట్టాక, ఇక సుడిగాలి గుట్టు దొరికిందని చాలామంది అనుకున్నారు. 1998 మే 30న దక్షిణ డకోటాలోని స్పెన్సర్‌ను తుడిచిపెట్టిన మబ్బులోనూ ధన పిడుగులే ఎక్కువ. కానీ ఎక్కువ టోర్నడో మబ్బులు రుణ పిడుగులతోనే వచ్చాయి, ధన పిడుగులు కురిపించిన ఎన్నో మబ్బులు సుడిని కనలేదు. ధన పిడుగులకు వేరే వివరణ ఉంది: మబ్బులో సున్నాకు దిగువన కూడా గడ్డకట్టని అతిశీతల నీరు మరీ ఎక్కువైతే గుళిక రుణానికి బదులు ధనావేశం పుచ్చుకుంటుంది. తకహాషి ప్రయోగంలో ఆ సంగతి అప్పటికే ఉంది.

ఈ అన్వేషణలో నవ్వు తెప్పించే ఘట్టమూ ఒకటుంది. 1960లలో అయోవాకు చెందిన న్యూటన్ వెల్లర్ ఇంట్లోని టీవీతోనే టోర్నడోను పట్టవచ్చన్నాడు. ముందు ఒక చానల్‌లో తెరను నల్లగా చేసి, తర్వాత రెండో నంబరు చానల్‌కు తిప్పాలి. తెర తళుక్కుమని వెలిగి అలాగే ఉంటే సుడి దగ్గర్లో ఉన్నట్టు. మెరుపుల రేడియో తరంగాలను టీవీ పట్టడం నిజమే. కానీ పరీక్షించి చూస్తే టోర్నడోలు చాలాసార్లు దానికి చిక్కలేదు. అదే కాలంలో, మబ్బుల్లో సిల్వర్ అయోడైడ్ చల్లి వాన కురిపించే పద్ధతిని కనిపెట్టిన బెర్నార్డ్ వానెగట్ సుడిగాలికి శక్తినిచ్చేది మెరుపు వేడేనని వాదించాడు. కొలతలు ఆయన పక్షాన నిలవలేదు. అయినా మెరుపును లెక్కలోకి తీసుకోవాల్సిందేనని శాస్త్రజ్ఞులను పురికొల్పిన ఘనత ఆయనకు కొంత ఇవ్వాలి.

సరే, ఇంతకీ రెంజల్‌కు టోర్నడో వస్తుందా? రావడం అరుదు, అందుకు కారణం ఉంది. సూపర్‌సెల్‌కు వేడీ తేమా చాలవు, కింద ఒక దిక్కు నుంచి, పైన మరో దిక్కు నుంచి చాలా వేగంగా గాలి వీచాలి. అప్పుడే మబ్బు మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. పైన అంత వేగం ఇచ్చేది పశ్చిమ జెట్ ప్రవాహం. మనకు ఎండలు ముదిరి, తేమ అందే నాటికి ఆ జెట్ హిమాలయాల వైపు తప్పుకుంటుంది. బెంగాల్ మీద మాత్రం వేసవి మొదట్లో రెండూ కలుస్తాయి. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సతూరియా ప్రాంతాన్ని ఊడ్చేసిన టోర్నడోలో సుమారు 1,300 మంది చనిపోయారు, చరిత్రలో ఇంతమందిని చంపిన టోర్నడో మరొకటి లేదు. 2024 మార్చి 31న జల్పాయిగుడి జిల్లా మైనాగుడిని తాకిందీ ఆ తరహాదే.

దక్కన్‌లోనూ అప్పుడప్పుడు ఆ జెట్ గాలి ప్రభావం కనిపిస్తుంది. 2014 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పడమటి గాలుల ద్రోణి ఒకటి బాగా దక్షిణానికి దిగి ఉండిపోయింది. గోదావరి అవతలి మరాఠ్వాడాలో, దాని చుట్టుపక్కల రోజుల తరబడి రాళ్ల వాన కురిసింది. ఇలాంటి వాన పసుపు కొమ్ములు ఆరే వేళకో, యాసంగి వరి కంకి బరువెక్కిన వేళకో వస్తుంది. టోర్నడో రాకపోయినా ఆ మబ్బు నాడి అదే తీరుగా ఎగిసి పడుతుంది.

తెలంగాణలో సుడిగాలి అనుమానం బలంగా వచ్చిన చోటు రెంజల్‌కు తూర్పున 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర ఏటూరునాగారం అభయారణ్యంలో కాసేపట్లోనే దాదాపు 200 హెక్టార్ల అడవి కూలిపోయింది. అటవీ శాఖ మొదట చెప్పిన అంచనాలోనే చెట్ల సంఖ్య సుమారు 50 వేలు. టోర్నడో అని కొందరన్నారు. మబ్బులోంచి గాలి కుప్పగా కిందికి విరుచుకుపడిందని కొందరన్నారు. తేల్చే పద్ధతిని టోర్నడో పరిశోధకుడు టెడ్ ఫుజితా నేర్పాడు. 1974 ఏప్రిల్‌లో అమెరికాను ఊపేసిన 148 టోర్నడోల దారులను విమానం నుంచి పరిశీలిస్తూ, కొన్ని చోట్ల చెట్లు ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకూ విరజిమ్మినట్టు పడి ఉండటం ఆయన చూశాడు. అది కిందికి విరిగిపడిన గాలి పని. సుడి పనైతే చెట్లు ఒక ఇరుకు దారి వెంట, నడిమి గీత వైపు ఒరిగి పడతాయి.

మెరుపుల దృష్టితో చూస్తే ములుగు ఘటనలో పెద్ద హెచ్చరిక ఉంది. ఆ రోజు బంగాళాఖాతంలోని వాయుగుండం తీరం వైపు వస్తోంది, ఆ అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వాయుగుండాలు, తుఫానుల చుట్టూ వచ్చే మబ్బులు పొట్టివి. వాటి పైభాగంలో మంచు గుళికల గుద్దులాట తక్కువ, అందుచేత మెరుపులూ తక్కువ. అమెరికా తీరంలో హరికేన్ల వెంట వచ్చే చిన్న టోర్నడోలు కూడా చాలాసార్లు మెరుపూ ఉరుమూ లేకుండానే వచ్చిపోతాయి. వేసవి మబ్బుకు పనికొచ్చిన నాడి పరీక్ష వానాకాలపు వాయుగుండానికి పనికిరాదు. మెరుపు లేదు కాబట్టి సుడి రాదని ఎవరైనా హెచ్చరికలిచ్చే యంత్రానికి నేర్పితే, అలాంటి సాయంత్రాన అది నోరు మెదపదు.

టోర్నడో అరుదు గానీ పిడుగు అరుదు కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంతకు ముందు ఏడాది మే నెల మొత్తం మీద వచ్చినవి సుమారు 30 వేలేనని అధికారులు చెప్పారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలో 2022లో దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవాళ్లు 2,887 మంది. వీళ్లలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు. రెంజల్, బోధన్ మండలాల్లాంటి చదును నేలలో వరి కోసిన మడి మధ్య నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తైన వస్తువు. చెట్టు కిందికి పరుగెత్తితే ఇంకా చేటు, చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. పశువులు ఎక్కువగా చావడానికి కారణం ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఉన్న దూరం. నేలలో పాకే కరెంటుకు ఆ రెండు చోట్లా ఒత్తిడి తేడా ఎక్కువ, అది గుండె మీదుగా పోతుంది.

దేశంలో మెరుపుల మీద నిఘా ఇప్పుడు బలపడుతోంది. ఇన్సాట్ ఉపగ్రహాల్లో మెరుపులను నేరుగా చూసే పరికరం లేదు. అమెరికా 2016లో గోస్-16 మీద అలాంటిదాన్ని పంపింది, అది మన వైపు చూడదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆ లోటుకు వేరే దారి వెతికింది. భూమి నుంచి అంతరిక్షంలోకి పోయే ఉష్ణ వికిరణం ఎక్కడ చప్పున తగ్గుతోందో ఇన్సాట్ చిత్రాల్లో చూసి, సుమారు రెండున్నర గంటల ముందే మెరుపుల అవకాశాన్ని చెప్పే పద్ధతిని 2025లో ప్రకటించింది. ఆ రెండున్నర గంటలు ధాన్యం కుప్పల మీద టార్పాలిన్లు కప్పుకోవడానికి. మబ్బు లోపలి మెరుపుల జంప్ ఇచ్చే ఇరవై నిమిషాలు మనిషి ఇల్లు చేరడానికి. ఈ రెండో లెక్కను మన వేసవి మబ్బుల మీద సరిచూసి, మండల స్థాయి హెచ్చరికగా మార్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని నా అభిప్రాయం. ఉత్తర తెలంగాణకు దగ్గరగా ఒక రాడార్ కూడా కావాలి. అది వచ్చేదాకా సెన్సర్ల లెక్కనైనా పూర్తిగా వాడుకోవాలి.

పిడుగు పడితే అర్జునుడి పేర్లు తలుచుకునే అలవాటు మన ఊళ్లలో ఉంది. మానమని చెప్పను. ఆ పేర్లతో పాటు సెకన్లు కూడా లెక్కపెట్టండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి మూడు సెకన్లు పడితే ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై సెకన్లలోపు ఉరిమిందంటే పిడుగు మిమ్మల్ని అందుకునే దూరంలో ఉన్నట్టే. పంట ఎలా ఉన్నా వదిలి, పక్కా ఇంట్లోకి గానీ తలుపులు మూసిన కారు, బస్సులోకి గానీ వెళ్లండి. బైకు, కప్పు లేని ట్రాక్టరు కాపాడవు. బోరు మోటారు స్టార్టర్‌ను, ఇనుప తీగల కంచెను ముట్టుకోవద్దు. పిడుగు దెబ్బ తిన్న మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, భయపడకుండా తాకవచ్చు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా పొలంలోకి తిరిగి వెళ్లకండి.